ఎరువుల పుస్తకం

నేను రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు, జూన్ మొదటి సోమవారం నాడు, శ్రీకాకుళం డివిజను కార్యాలయంలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేరాను. చేరిన రోజునే మా ఈ.ఈ. గారు, అంటే నా పై అధికారి, ఒక పల్చటి ఫైలు నా ముందుకు తోశారు. నరసన్నపేట నుంచి శ్రీముఖలింగం వెళ్ళే దారిలో, వంశధార గట్టుకు ఇవతల ఒక పల్లెలో, ఊరివాళ్ళే నడుపుకుంటున్న చిన్న మ్యూజియం ఉంది. దాన్ని తిరిగి రూపొందించి, పెంచి కట్టాలి. కొత్త కట్టడం నేలకూ నీటికీ భారం కాకూడదన్నది పాలనా అనుమతిలో ముఖ్యమైన షరతు. ఊరి పేరు రాయను. రాస్తే మనుషులు తెలిసిపోతారు. ఇందులో తెలియాల్సిన మనిషిని నేనొక్కదాన్నే.

అప్పటిదాకా నేను కట్టించినవి ఆసుపత్రి గదులు, హాస్టళ్ళు, మైళ్ళకొద్దీ ప్రహరీ గోడలు. ప్రహరీ గోడకు ఇంజనీరెందుకని మా ఇంట్లోనే వేళాకోళం చేసేవారు. ఇన్నాళ్ళకు చెప్పుకోదగ్గ పని దొరికిందని నాకు సంబరం వేసింది. ఆ సంబరమే తర్వాత నా కళ్ళు కప్పేసింది.

మ్యూజియం ఉన్నది ఎప్పుడో మూతపడ్డ సహకార సంఘం వారి ఎరువుల గోదాములో. యూరియా బస్తాలు పోయిన చోట నాగళ్ళు, ఏతం, తాటాకు గొడుగులు, కుంచాలు, గంగాళాలు, తిరగళ్ళు చేరాయి. గోదాముకు వాచ్‌మన్‌గా పనిచేసిన తవిటయ్య అనే ఆయన, జీతం ఆగిపోయాక కూడా తాళంచెవి వదలకుండా, ఇళ్ళలో మూలపడిన సామానంతా అడిగి తెచ్చి అక్కడ సర్దాడట. నేను వెళ్ళేసరికి ఆయన పోయి ఏడాది అయింది. ఊళ్ళో ఎవరూ దాన్ని మ్యూజియం అనేవారు కాదు, 'ఎరువుల కొట్టు' అనేవారు. పాత గోదాము పేరే అలా నిలిచిపోయిందనుకున్నాను.

మొదటిరోజు నాకు తలుపు తీసింది తవిటయ్య భార్య పైడమ్మ. అరవై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటుంది, పిల్లలు లేరు. రోజూ పొద్దున్నే వచ్చి కొట్టు ఊడ్చి పోతుంది. నన్ను కిందికీ పైకీ చూసి, "ఇంజినీరు వస్తాడన్నారు, నువ్వేటమ్మా?" అంది. నేనే ఇంజనీరునని చెప్పాను.

"ఓలమ్మ! ఆడమనిసివే! బాగున్నాది," అని నవ్వింది. "సామాన్లన్నీ పుస్తకంలో ఉన్నాయి తల్లీ. మా వోడు రాసినాడు. సూసుకో."

సరేనన్నాను. అప్పటికి నా చూపు పైకప్పు మీద ఉంది. సిమెంటు రేకుల కింద ఆ జూన్ ఎండకు లోపల అట్టుడికిపోతోంది. ఆవిడ చెప్పింది నా చెవిన పడింది, అంతకు మించి ముందుకు పోలేదు.

పని పద్ధతి కొంచెం చెప్పాలి. స్థలంలో నిలబడి పని చేయించేది అసిస్టెంట్ ఇంజనీరు. నాకు రమణమూర్తి అని విజయనగరం పట్నం అబ్బాయి ఉండేవాడు. నలభై దాటినవాడిని అబ్బాయి అనకూడదు గానీ, నాకు అలవాటు. అతను కొలిచి కొలతల పుస్తకంలో రాస్తాడు, నేను సరిచూసి సంతకం పెడతాను, పైవాళ్ళు మంజూరు చేస్తారు. ఆ కొలతల పుస్తకాన్ని మేం ఎం.బుక్ అంటాం. ప్రతి పేజీకి నంబరు ఉంటుంది, ఒక్క పేజీ చిరిగినా సంజాయిషీ రాసుకోవాలి, పుస్తకమే పోతే ఉద్యోగానికి ముప్పు. మా ఇంట్లో దేవుడి పటాలున్న అరలో ఎం.బుక్కులు దాచిన రోజులున్నాయి. పుస్తకం విలువ తెలియని దాన్ని కాదు నేను. ఇది గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను.

డిజైను విషయంలో ఇప్పటికీ నాకు పెద్దగా పశ్చాత్తాపం లేదు. పాత గోదాము గోడలు అలాగే ఉంచి, ఇరువైపులా రెండు హాళ్ళు కలిపాం. పునాదులకు తవ్విన మట్టికే కాస్త సున్నం, కాస్త సిమెంటు కలిపి, చేతి ప్రెస్సుతో నొక్కి, కాల్చని ఇటుకలు చేశాం. మూడు వారాలకు పైగా గోనెపట్టాలు తడుపుతూ వాటిని నీడన గట్టిపడనిచ్చాం. చుట్టుపక్కల ఊళ్ళలో పెంకుటిళ్ళు విప్పి స్లాబులు వేసుకుంటున్నవాళ్ళ దగ్గర గూన పెంకులు సేకరించి కప్పు నేయించాం. గాలి కింది కిటికీల్లోంచి వచ్చి పైన గవాక్షాల్లోంచి పోయేట్టు గోడల ఎత్తులు లెక్క కట్టాను. వాన నీళ్ళు వెనకవైపు తొట్టెలోకి పోతాయి. మే నెలలో కూడా ఫ్యాను లేకుండా ఆ హాల్లో కూర్చోవచ్చు.

పెంకుల కింద లోకప్పు ఏం వేయాలా అని ఆలోచిస్తుండగా, ఆ ఊరి ఆడవాళ్ళు బుట్టలకు గుజ్జు మెత్తడం చూశాను. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి దంచి, ఆ గుజ్జును వెదురు బుట్టల లోపలా బయటా పూస్తారు. ఎండితే చెక్కలా గట్టిపడుతుంది. మెంతుల చేదుకు పురుగు చేరదంటారు. బుట్టకు పనికొచ్చినది కప్పుకు ఎందుకు పనికిరాదనిపించింది. వెదురు తడక మీద అదే గుజ్జు మెత్తి, రెండడుగుల పలకలు చేయించి చూస్తే వేడిని చక్కగా ఆపాయి. కాగితాలకు కొదవ లేదు. గోదాములోనే మూడు పెద్ద బస్తాల నిండా సంఘం నాటి బిల్లులు, పర్మిట్లు, స్టాకు పుస్తకాలు ఉన్నాయి. "ఈ స్థలం నుంచి ఒక్క తట్టెడు చెత్త కూడా బయటికి పోదు" అని నా నివేదికలో రాశాను. ఆ వాక్యం మీద నాకు పిచ్చి మోజు పుట్టింది. ఎవరొచ్చినా అదే చదివి వినిపించేదాన్ని.

పలకలు చేయడానికి ఊరి ఆడవాళ్ళనే కూలికి పిలిచాం. కొట్లో ఒక మూల నల్లగా నిగనిగలాడే పెద్ద చెక్క రోలు ఉంది, మొల ఎత్తు. అందులో దంచితే గుజ్జు త్వరగా అవుతుందని దాన్ని బయటికి తెమ్మన్నాను. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "పైడమ్మత్తని అడగాలమ్మా" అంది ఒకామె. పైడమ్మ చీపురు పట్టుకునే వచ్చింది.

"పసుపు దంచీ రోట్లో సిత్తుకాయితాలేటమ్మా?" అని నా మీదే విరుచుకుపడింది. "దానికి మైలంటకూడదు. రాతి రోలు సూసుకోండి."

మ్యూజియం సామానుకు ఈవిడ పెత్తనమేమిటని నాకు చిర్రెత్తింది గానీ, పని ఆగకూడదని ఊరుకున్నాను. ఊళ్ళోవాళ్ళంతా ఆ ఒక్క రోలుకు ఈవిణ్ణే ఎందుకు అడిగారన్న ప్రశ్న నా బుర్రలో పుట్టలేదు. ప్రతి కిటికీకి గాలి ఎటునుంచి వస్తుందో అడిగిన దాన్ని, ఇది అడగలేదు.

బస్తాల్లో కాగితాలు నేనే దగ్గరుండి ఏరించాను. మూతపడిన సంఘం కాగితాలైనా సరే, పారేసే ముందు జాబితా తయారుచేసి సంబంధిత అధికారికి చూపించి అనుమతి తీసుకోవాలని నియమం. చదలు తినేసిన కాగితాలకు జాబితా ఏమిటని దాన్ని దాటేశాను. ఇనప పిన్నులు తీసేసి, అట్టలు చింపి, నీళ్ళ తొట్టెల్లోకి వేయిస్తున్నాం. మూడో బస్తాలో ఎర్రగుడ్డ అట్టతో పొడుగాటి పుస్తకం ఒకటి వచ్చింది. మిగతావాటికన్నా శుభ్రంగా ఉంది. రమణమూర్తి అట్ట తుడిచి నాకు చూపించాడు. సిరాతో, వంకర టింకరగా, 'ఎరువుల పుస్తకం' అని రాసి ఉంది.

"చేతిరాతది మేడమ్. ఉంచుదామా?" అన్నాడు.

"ఎవరు ఎన్ని బస్తాల యూరియా తీసుకున్నారో మనకెందుకయ్యా?" అన్నాను.

అతను నవ్వి తొట్టెలో వేశాడు. ఒక్క పేజీ తిప్పలేదు నేను.

నిర్మాణం ముగిసేలోపు ఇంకో పని ఉంది. ఏ మ్యూజియంలోనైనా ప్రతి వస్తువుకూ ఒక ప్రవేశ రిజిస్టరు ఉండాలి. వస్తువు నంబరు, వర్ణన, ఎవరి నుంచి వచ్చింది, ఎలా వచ్చింది, అంటే దానమా, కొనుగోలా, తిరిగి ఇచ్చే షరతు మీద తెచ్చినదా, అన్నీ రాయాలి. నిజానికి అది ఇంజనీరు పని కాదు. ఆ శాఖలో మనిషి లేకపోవడంతో నాకే అప్పగించారు, నేనూ ఉత్సాహంగా నెత్తికెత్తుకున్నాను. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపాలని కార్యాలయ భాషలో నోటీసు రాసి పంచాయతీ బోర్డుకు అంటించాం. ఎవరూ రాలేదు. ఆ నోటీసు నాకే ఒకటికి రెండుసార్లు చదివితే గాని అర్థం కాదు, చదువురాని పైడమ్మకు ఏం అర్థమవుతుంది?

వివరాలకు మ్యూజియం కమిటీ అధ్యక్షుడు సన్యాసిరావును అడిగాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. గోదాము స్థలం వాళ్ళ నాన్న ఇచ్చినది. నాగలి ఫలానా వాళ్ళది, గంగాళం ఫలానా వాళ్ళది అని తనకు తెలిసినవి చెప్పాడు. తెలియని చోట కాస్త ఆగి, "మా ఇంటిదే అయ్యుంటాది, రాసీండమ్మా," అన్నాడు. రోలు దగ్గర కూడా అలాగే ఆగాడు. నేను రాసేశాను. 'చెక్క రోలు, ఒకటి. దానం. దాత: అధ్యక్షుని కుటుంబం.' రిజిస్టరు చివర ధ్రువీకరణ వాక్యం ఉంటుంది. 'పూర్వపు రికార్డు ఏదీ లభ్యం కాలేదు' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఆ రోజుకు అది నా మటుకు నిజమే.

ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. రోలును నడి హాల్లో, గవాక్షంలోంచి ఎండ పడేచోట, మట్టి ఇటుకల దిమ్మ మీద నిలబెట్టి, ఎవరూ కదపకుండా అడుగున నాలుగు బోల్టులు వేయించాను. 'తాకరాదు' అని చిన్న పలక పెట్టాం. జిల్లా నుంచి పెద్దలు వచ్చారు, లోకప్పును వేలితో తట్టి చూసి ఇది కాగితమా అని ఆశ్చర్యపోయారు. నా తట్టెడు చెత్త వాక్యం వాళ్ళకూ వినిపించాను. నెల తిరక్కుండా నాకు రాష్ట్రస్థాయిలో ప్రశంసాపత్రం వచ్చింది. ప్రారంభోత్సవం రోజున పైడమ్మ చివరి వరుసలో నిలబడి రోలు కేసి చూడటం నాకు గుర్తుంది. ముచ్చటపడుతోందనుకున్నాను.

కట్టడం అప్పగించాక రెండేళ్ళు లోపాల బాధ్యత కాలం ఉంటుంది. ఆ గడువులో ఎక్కడ కారినా, బీటవేసినా కాంట్రాక్టరే సరిచేయాలి. అందుకని జూలైలో, మొదటి పెద్ద వానలు పడ్డాక, రమణమూర్తిని తీసుకుని తనిఖీకి వెళ్ళాను. ఒక్క చుక్క కారలేదు. ఆ సంతోషంలో బయటికి వస్తుంటే మెట్ల మీద పైడమ్మ కూర్చుని ఉంది. నా కోసమే కూర్చుందట.

"ఏటమ్మా, రోలుకి బోల్టులేసినావు? ఎవులికీ ఇవ్వకుండా?"

అది మ్యూజియం వస్తువనీ, దానంగా వచ్చినదనీ ఓపిగ్గానే చెప్పాను.

"దానమేటి? అది మాయత్త రోలు. నాను కాపరానికొచ్చినప్పుడు నా సేతిలో ఎట్టినాది. కొట్లో ఎట్టినాం గానీ ఎవులికీ ఇచ్చీలేదు. ఎరువిచ్చినాం."

"ఎరువేమిటి?" అన్నాను.

ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఎరువమ్మా! కావలసినోలు అట్టుకెళ్తారు, పనయ్యాక తెచ్చి ఎట్టేస్తారు. మీకాడ పెళ్ళిళ్ళకి ఎరువు సొమ్ములు ఎట్టుకోరేటి?"

మాది తెనాలి దగ్గర పల్లె. పక్కింటికి పోయి కవ్వం ఎరువు తీసుకురమ్మని మా అమ్మమ్మ నన్ను ఎన్నిసార్లు పంపలేదు? తెలియని మాట కాదు. గోదాములో దొరికింది కనక, బస్తాల మధ్య ఉంది కనక, అట్ట చూసి యూరియా అనేసుకున్నాను. ఊరివాళ్ళు ఎరువుల కొట్టు అన్నది పాత గోదామును కాదు. తవిటయ్య నడిపిన కొట్టునే. నాగలి, గంగాళం, రోలు, ఎవరిది వాళ్ళదే. అవసరమైనవాళ్ళు పట్టుకెళ్ళి వాడుకుని తిరిగి పెట్టేవారు. ఎవరిది, ఎవరు పట్టుకెళ్ళారు, ఎప్పుడు తెచ్చారు అన్నదంతా ఆయన ఆ పుస్తకంలో రాశాడు.

పైడమ్మ చెప్పుకుపోతోంది. ఆ ఊళ్ళో పెళ్ళి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. అంత పెద్ద చెక్క రోలు ఇంకెవరికీ లేదు కనక, ఏ ఇంట పెళ్ళయినా ముందు ఆవిడ గుమ్మంలోకి వచ్చి రోలు ఎరువు అడగాలి. అడిగినవాళ్ళు ఆవిణ్ణి కూడా పిలవాలి. రోలు గల మనిషి అరుగు మీద కూర్చుంటేనే మొదటి పోటు పడాలి, దంచిన పసుపులో తొలి పిడికెడు ఆవిడ కొంగులో వేయాలి. ఇది వాళ్ళ అత్తగారి నాటి నుంచీ ఉన్న మాట. తవిటయ్య పోయాక కూడా రెండు పెళ్ళిళ్ళకు అలాగే పిలిచారట. మొగుడు పోయిన ఆడదాన్ని శుభకార్యానికి ఎవరు పిలుస్తారు? ఆవిణ్ణి పిలిచేవారు. ఆ రోలు ఉండబట్టి పిలిచేవారు.

"మొన్న వైశాకంలో నాలుగు పెళ్ళిళ్ళయినాయి," అంది. "రోలు ఇవ్వరన్నారని అందరూ మిల్లుకెళ్ళి ఆడించుకొచ్చినారు. ఒక్కరూ నా గుమ్మం తొక్కలేదు. ఆళ్ళని ఏటనగలను? పెసిరెంటు సన్యాసిరావుని అడిగినాను. ఇంజినీరమ్మ రాసినాది, రాతలో మీ పేరు లేదంటన్నాడు. ఎర్రగుడ్డ అట్ట పుస్తకం, ఎరువుల పుస్తకం, నీకాడ దాసినావు గదా? ఒకసారి ఇయ్యమ్మా. ఆడికి సూపించి తెచ్చిస్తాను."

ఆవిడకు ఆ పుస్తకం మీద నమ్మకం ఉంది. నా మీద అంతకన్నా ఎక్కువ నమ్మకం ఉంది. రమణమూర్తి నా పక్కనే నిలబడి ఉన్నాడు.

అప్పుడు నేను ఏం చేయాల్సిందో ఈ వృత్తిలో కొత్తగా చేరిన కుర్రాడిని అడిగినా చెబుతాడు. పొరపాటు జరిగిందని ఒక లేఖ రాసి, నలుగురి వాంగ్మూలాలు తీసుకుని, పద్దు సవరించాలి. అయితే ఆ లేఖలో పుస్తకం ఏమైందో రాయాలి. జాబితా లేకుండా, అనుమతి లేకుండా రికార్డులు నానబెట్టి గుజ్జు చేశానని రాయాలి. విచారణ వస్తుంది. ప్రశంసాపత్రం నవ్వులపాలవుతుంది. నాకు రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉంది, ఈ.ఈ. పదోన్నతి జాబితాలో నా పేరు ఉంది. ఇదంతా నా తలలో తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అలాంటి పుస్తకం ఏదీ మాకు దొరకలేదు," అన్నాను.

"దొరకలేదా?"

"లేదు."

రమణమూర్తి తల దించుకున్నాడు. పైడమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నన్ను అనుమానించి ఉంటే నాకు ఎంత బాగుండేదో! ఆవిడ అనుమానించలేదు.

"అయితే మా వోడే ఎక్కడో పారేసినాడు," అంది. "ఒక్క వస్తువు సోటున ఎట్టీవోడు కాడు సచ్చినోడు. ఊరందరి సామాన్లూ రాసినాడు, నా రోలు దిక్కు లేకుండా సేసి పోయినాడు. ఒరే, నిన్నేటనాలిరా!"

అలా మొగుణ్ణి తిట్టుకుంటూ మెట్లు దిగి, గొడుగు లేకుండానే తుంపర్లో నడిచి వెళ్ళిపోయింది. నేను జీపెక్కాను. నరసన్నపేట దగ్గర పడ్డాక రమణమూర్తి, "టీ తాగుదామా మేడమ్?" అన్నాడు. 'ఆ రోజు నేను ఉంచుదామా అని అడిగాను గదా' అని ఒక్క మాట అంటాడనుకున్నాను. అననందుకు అతని మీదే కోపం వచ్చింది. సిగ్గు పడాల్సిన చోట ఎదుటివాడి మీద విసుక్కోవడం నాకు ఉద్యోగం నేర్పిన విద్య.

మిగిలిన రెండేళ్ళలో సవరణ లేఖ మూడుసార్లు రాసి మూడుసార్లూ చింపాను. ఆధారం లేకుండా పద్దు మార్చడానికి నియమాలు ఒప్పుకోవని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ ఆధారాన్ని మాయం చేసింది ఎవరన్న దగ్గరికి వచ్చేసరికి ఫైలు మూసేసేదాన్ని. పదోన్నతి ఎలాగూ రాలేదు. ఆ ప్రశంసాపత్రం మాత్రం రిటైర్మెంటు సభలో పైకి చదివారు, నేను చేతులు కట్టుకుని విన్నాను.

రిటైరైన రెండేళ్ళకు మా అక్క మనవరాలి పెళ్ళికి తెనాలి వెళ్ళాను. పసుపు దంచుతుంటే రోకలి దెబ్బ ఒక్కొక్కటీ నా వీపు మీద పడుతున్నట్టే ఉంది. ఏమైందని అందరూ అడిగారు. తలనొప్పన్నాను. పెళ్ళయిన మర్నాడే ఆమదాలవలస స్టేషనులో దిగి, ఆ ఊరు వెళ్ళాను.

ముందు సన్యాసిరావు ఇంటికి వెళ్ళాను. తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి తీసుకెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివాడు. "మా ఇంటిది కాదని నాకూ అనుమానమే అమ్మా. మీరు రాసేత్తుంటే ఊరుకున్నాను. నాదీ తప్పే," అన్నాడు. జిల్లాకు తానే పట్టుకెళ్తానన్నాడు, అన్నట్టే ఆ వారంలో పని పూర్తిచేశాడు. రిజిస్టరులో 'దానం' అన్నది ఎర్ర సిరాతో కొట్టేసి, 'ఎరువు. సొంతదారు: పైడమ్మ' అని రాశారు. నాలుగు బోల్టులూ ఊడదీశారు.

సన్యాసిరావుకు కాగితం ఇచ్చిన రోజునే పైడమ్మకు నేనే చెప్పాను. వాళ్ళ వాకిట్లో, పీట మీద కూర్చుని చెప్పాను. పుస్తకం నాకు దొరికిందనీ, నేనే నీళ్ళలో వేయించాననీ, తర్వాత తెలిసి కూడా అబద్ధం ఆడాననీ, మూడు ముక్కలూ విడివిడిగా చెప్పాను. తిడుతుందని సిద్ధపడి ఉన్నాను. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టింది.

"అయితే మా వోడు పారేయలేదా?"

"లేదు."

"నాలుగేళ్ళ బట్టీ తిడతన్నానమ్మా ఆడిని," అంది. "పొయ్యి కాడ తిట్టినాను. తద్దినం నాడూ తిట్టినాను. పుస్తకం పారేసినోడికి పిండమేటని అన్నాను. ఆడు సేసిన పాపమేటి?"

రోలు ఇచ్చేస్తారని, రిజిస్టరులో పేరు మారుస్తారని చెప్పాను. అంత చిన్నది చెబుతున్నానని చెబుతుండగానే తెలిసింది.

"రోలు వస్తాది," అంది. "దాన్నేటి సేసుకోను? ఇప్పుడందరూ మిల్లుకే ఎల్తన్నారు. పసుపు దంచడమంటే సిన్న రోట్లో నాలుగు పోట్లు, పోటోకి. ఎవులొచ్చి అడుగుతారు నన్ను?"

తర్వాత లేచి, నాతో రమ్మంది. ఇద్దరం మ్యూజియానికి వెళ్ళాం. ఆవిడ రోలు వైపు చూడలేదు. మెడ వెనక్కి వంచి లోకప్పు కేసి చూసింది. పలకలు ఎక్కడా వంకర పోలేదు, చెమ్మ పట్టలేదు. దగ్గరగా చూస్తే బూడిదరంగు గుజ్జులో అక్కడక్కడా చిన్న చిన్న కాగితపు ముక్కలు, వాటి మీద అరిగిన అక్షరాలు కనిపిస్తాయి. చూడవచ్చిన వాళ్ళకు అది అందంగా ఉంటుందని నేనే వాటిని అలా ఉంచమన్నాను.

"ఇందులో ఆడి రాత ఏది? సదువుకున్నదానివి, సూపించు," అంది.

ఒక పలక నుంచి ఇంకో పలకకు వెతికాను. అచ్చు అక్షరాలు, చేతిరాత అక్షరాలు, అంకెలు, సగం సున్నాలు. ఏది ఎవరిదో తెలియలేదు. తెలియలేదనే చెప్పాను. ఈసారి అది అబద్ధం కాదు. ఆవిడ ఇంకాసేపు పైకి చూసి, కొంగు సర్దుకుని, ఇంటికి వెళ్ళిపోయింది.

ఈ పనిలో కొత్తగా చేరేవారికి ఉపయోగపడుతుందని ఒక్క విషయం రాసి ముగిస్తాను. 'రికార్డు లభ్యం కాలేదు' అన్న వాక్యం మా ఫైళ్ళలో అడుగడుగునా కనిపిస్తుంది. ఎందుకు లభ్యం కాలేదో, ఎవరి చేతిలో పోయిందో రాయడానికి దాని కింద గడి ఉండదు. ఉండి ఉంటే నేను సంతకం పెట్టిన చోట, సంతకానికి పైన, నా పేరే రాయాల్సి వచ్చేది.